స్వలింగ వివాహంపై జనాభిప్రాయం మారుతోంది. మరి ఓట్లు మారతాయా?

ఏయూ_రాజనీతి
విశాఖ మిత్రులకు నమస్కారం. నేను రాజనీతి శాస్త్రం పాఠాలు చెబుతాను. క్లాసులో మొదలైన చర్చ ఒకటి తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2023 వేసవిలో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం స్వలింగ వివాహాల కేసు వింటున్నప్పుడు కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబు పంపాయి. నాలుగు ఇంకా గడువు కావాలన్నాయి. మూడు మాత్రం సూటిగా వద్దన్నాయి. ఆ మూడూ ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం. అప్పుడు మన దగ్గర వైసీపీ ప్రభుత్వం, రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ. వేరే ఏ విషయంలోనూ కలవని మూడు పార్టీలు ఈ ఒక్కదాంట్లో కలిశాయి.

అదే ఏడాది ప్యూ రిసెర్చ్ సెంటర్ సర్వేలో మన దేశంలో 53 శాతం మంది ఇలాంటి పెళ్లికి చట్టబద్ధత ఉండాలన్నారు, 43 శాతం వద్దన్నారు. సగానికి పైగా జనం సరే అంటున్నదాన్ని మూడు పార్టీల ప్రభుత్వాలు ఏ భయమూ లేకుండా ఎలా కాదనగలిగాయి? 2024 ఎన్నికల్లో మన విశాఖలో ఈ మాట ఎత్తిన అభ్యర్థి నాకు ఒక్కరూ కనబడలేదు. జనాభిప్రాయం మారడానికీ ఓటు మారడానికీ మధ్య ఏం జరుగుతుంది? మీ ఆలోచనలు రాయండి.

గాజువాక_కార్మికుడు
మాస్టారూ, ఉన్నమాట చెబుతాను. 2024లో మా వీధిలో అందరి నోటా స్టీల్ ప్లాంటే. 2021లో అమ్మేస్తామని చెప్పిన దగ్గర్నుంచి మా ఇళ్లల్లో వేరే మాట లేదు. ఆ తర్వాత పింఛన్లు, ల్యాండ్ టైట్లింగ్ చట్టం, ఋషికొండ మీద కట్టడాలు. గాజువాకలో 95 వేల పైచిలుకు మెజారిటీ వచ్చిందంటే ఆ కోపం వల్లే. ఇంత టెన్షన్‌లో ఉన్న మనిషిని పట్టుకుని స్వలింగ వివాహం మీద నీ ఓటెటు అని ఎవడు అడుగుతాడు?

నాకు వాళ్ల మీద ద్వేషం లేదు. ఓటుకీ దీనికీ సంబంధం ఏటి అన్నదే నా ప్రశ్న.

బీచ్‌రోడ్_నివాసి
నేను చాలా ఏళ్లు అమెరికాలో ఒహాయోలో ఉద్యోగం చేసి వెనక్కి వచ్చాను. అక్కడ నాకు ఓటు లేదు గాని ఈ గొడవంతా దగ్గర్నుంచి చూశాను. గాజువాక అన్నకు అక్కడి కథ చెబితే ఉపయోగపడుతుంది.

2003 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర సుప్రీం కోర్టు స్వలింగ జంటల పెళ్లికి అనుకూలంగా తీర్పిచ్చింది. ఏడాది తిరిగేసరికి అధ్యక్ష ఎన్నిక. ఆ రోజే 11 రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద ఇంకో ప్రశ్న కూడా పెట్టారు: పెళ్లంటే ఒక మగ, ఒక ఆడ మధ్యే అని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలా? పదకొండు చోట్లా అవునన్నారు. మా ఒహాయోలో దాదాపు 62 శాతం. రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు బుష్ ఆ రాష్ట్రంలో గెలిచింది సుమారు లక్షా 18 వేల ఓట్ల తేడాతో. ఆ రాష్ట్రం పోయుంటే అధ్యక్ష పదవే పోయేది. ఆదివారం చర్చిలో ఈ ప్రశ్న గురించి చెప్పి ఓటింగుకు కదిలించారని అప్పట్లో అందరూ అన్నారు. తర్వాత లెక్కలు తీసిన పరిశోధకులు చాలామంది ఒప్పుకోలేదు, ఆ ప్రశ్న లేని రాష్ట్రాల్లో కూడా బుష్‌కు ఓట్లు పెరిగాయి కదా అన్నారు. నేను ఆ రెండో వాదన వైపే ఉంటాను. అయితే పార్టీలు నమ్మింది మాత్రం మొదటి కథనే. దీన్ని ముట్టుకుంటే కాలుతుందని ఎదుటి పార్టీ డెమొక్రాట్లు చాలా ఏళ్లు నోరెత్తలేదు. 2008లో ఒబామా కూడా పెళ్లి అంటే మగ, ఆడ మధ్యే అన్నాడు. ఆ నవంబరు ఎన్నిక రోజే కాలిఫోర్నియా ఒబామాను భారీగా గెలిపించి, స్వలింగ వివాహాన్ని 52 శాతంతో రద్దు చేసింది. ఒకే మనిషి ఒకే బూత్‌లో రెండూ వేశాడు.

2012 మేలో నార్త్ కరోలినా 61 శాతంతో నిషేధానికి ఓటేసింది. మర్నాడే ఒబామా టీవీలో నేను సమర్థిస్తున్నాను అన్నాడు. ఆ నవంబరులో గెలిచాడు. మేన్, మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రాలు జనం ఓటుతో అవునన్నాయి, మిన్నెసోటా నిషేధాన్ని తిరగ్గొట్టింది. ఇదే మేన్ మూడేళ్ల ముందు 2009లో వద్దంది. ఎనిమిదేళ్లలో అంతా తారుమారైంది. 2022లో ఈ పెళ్లిళ్లను కాపాడే చట్టం వచ్చినప్పుడు దిగువ సభలో 39 మంది రిపబ్లికన్లు కూడా సరే అన్నారు. 2004లో దీన్నే అడ్డంపెట్టుకుని ఓట్లడిగిన పార్టీ వాళ్లు!

మధురవాడ_ఐటీ
బీచ్‌రోడ్ అంకుల్, ఇది బాగుంది. కానీ అమెరికాలో ఎనిమిదేళ్లలో అసలు ఏం మారింది? పాతతరం పోయి కొత్తతరం రావడానికి ఎనిమిదేళ్లు చాలవు కదా.

ఏయూ_రాజనీతి
మంచి ప్రశ్న. తరాల మార్పు ఒక భాగమే. గాలప్ సంస్థ 1996లో అడిగినప్పుడు అక్కడ 27 శాతమే సరే అన్నారు. 2011లో మొదటిసారి సగం దాటింది. 2022, 23 నాటికి 71కి చేరింది. పెద్దవయసువాళ్లలో కూడా బతికుండగానే మనసు మార్చుకున్నవాళ్లు లక్షల్లో ఉంటేనే ఇంత మార్పు సాధ్యం. కారణం ఇంట్లోవాళ్లు, పక్కసీటు ఉద్యోగి, చెల్లెలి కొడుకు బయటపడి చెప్పడం. 2013లో రాబ్ పోర్ట్‌మన్ అని ఒహాయో రిపబ్లికన్ సెనేటర్ బాహాటంగా వైఖరి మార్చుకున్నాడు. తన కొడుకు గే అని తెలిశాక ఆలోచించానని ఆయనే రాశాడు.

సమర్థిస్తూ ప్రచారం చేసేవాళ్ల మాట కూడా మారింది. కాలిఫోర్నియాలో ఓడే వరకు హక్కులు, ప్రయోజనాలు, సమానత్వం అంటూ వచ్చారు. ఓడాక గుమ్మాల దగ్గర నిలబడి, మీరు ఎందుకు పెళ్లి చేసుకున్నారు, వీళ్లూ అందుకే చేసుకోవాలనుకుంటున్నారు అని మొదలుపెట్టారు. మేన్‌లో మూడేళ్లు అదే పని చేశారు.

ఇక గాజువాక అన్న ప్రశ్నకు. ఓటుకు సంబంధం ఎప్పుడొస్తుందంటే, ఎంతమంది సరే అన్నారన్న లెక్క కన్నా ఎంతమంది దీనికోసమే ఓటు మార్చుకుంటారన్న లెక్క ముఖ్యం. 2004లో వ్యతిరేకించినవాళ్లు దీనికోసమే బూత్‌కు వచ్చారు, సమర్థించినవాళ్లు మనసులో సమర్థించి ఇంకేదో చూసి ఓటేశారు. 2012కు సమర్థించేవాళ్లలో ఇంట్లో ఒక మనిషి ఉన్నవాళ్లు పెరిగారు, వాళ్లకు ఇది సొంత విషయమైంది. జపాన్ చూడండి. ప్యూ సర్వేలో అక్కడ 68 శాతం సరే అంటారు. దశాబ్దాలుగా అధికారంలో ఉంటున్న లిబరల్ డెమొక్రటిక్ పార్టీ అయినా కదలదు. ఆ 68 శాతంలో దీనికోసం ఓటు మార్చేవాళ్లు తక్కువని ఆ పార్టీకి తెలుసు. మన 53 శాతం ఇంకా అంతకన్నా పలుచన.

మధురవాడ_ఐటీ
మాస్టారూ, ఆ 53ను నేను అసలు నమ్మను. సర్వేవాడికి సరే అనడానికి ఖర్చేముంది? మా ఆఫీసులో స్వలింగ జంటల లాంటివాళ్లకు మద్దతుగా జరిపే ప్రైడ్ నెలలో ఇంద్రధనుస్సు బ్యాడ్జీ పెట్టుకునేవాళ్లు ఇంటికెళ్లి కులం చూసి సంబంధాలు వెతుకుతారు. నేను నా కళ్లతో చూస్తున్నదే.

ఆడా మగా మధ్య కులాంతర వివాహానికి 1954 నుంచి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్ఫై రోజుల నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు అంటిస్తే బంధువులు వచ్చి వాలిపోతారు. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న కుర్రాణ్ని గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికారు. కోర్టు 2025లో శిక్ష వేసింది, మంచిదే. కానీ కులాంతర జంటలకు రక్షణ ఇస్తాం, ఆ నోటీసు తీసేయిస్తాం అని మన దగ్గర ఏ పార్టీ అయినా ఓట్లు అడిగిందా? కులం లెక్కల మీద టికెట్లు ఇచ్చే పార్టీలు పెళ్లి జోలికి రావు. ఎందుకంటే మన కులం బతికేది పెళ్లిలోనే. స్వలింగ వివాహం అన్నా వాళ్లకు అదే గండం.

డాబాగార్డెన్స్_పెద్దాయన
అందరూ ఒకవైపే రాస్తున్నారు, రెండోవైపు నేను చెబుతాను. నేను రిటైరైన టీచర్ని, దైవభక్తి ఉన్నవాణ్ని. మన రాష్ట్ర ప్రభుత్వం మతపెద్దలను సంప్రదించి జవాబు రాసింది. ప్రజాస్వామ్యంలో అలా అడగడం తప్పెలా అవుతుంది? హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు మిగతా విషయాల్లో ఎలా ఉన్నా ఇందులో చాలామంది ఒకేమాట మీద ఉన్నారు. మమ్మల్ని వెనకబడినవాళ్లని, ద్వేషించేవాళ్లని అనకండి. పెళ్లి అనేది రెండు కుటుంబాలను కలిపేదని, పిల్లల కోసమని నమ్ముతాను, ఆ నమ్మకాన్ని ఓటులో చూపించే హక్కు నాకుంది.

తైవాన్ సంగతి ఎవరూ రాయలేదు. అక్కడ 2018 నవంబరులో ప్రజల్ని నేరుగా అడిగితే 70 శాతం పైన వద్దన్నారు. అయినా 2019 మేలో చట్టం చేశారు. జనాభిప్రాయం అంటూ మొదలుపెట్టి, జనం వద్దన్నప్పుడు కోర్టు పేరు చెప్పడం న్యాయమా?

ఏయూ_రాజనీతి
పెద్దాయన గారూ, మీరు రాయడం వల్ల చర్చ బాగుపడింది. తైవాన్ సంగతి మీరన్నట్టే జరిగింది. 2017 మే 24న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్ల గడువిచ్చింది. పెళ్లి నియమాలు ఉండే సివిల్ కోడ్‌ను జనం మార్చొద్దన్నారు కాబట్టి, దాన్ని ముట్టుకోకుండా వేరే చట్టం చేశారు. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, ఎన్నికల్లో ఏమైందన్నది మన చర్చ. చట్టం చేసిన అధ్యక్షురాలు త్సై ఇంగ్-వెన్ 2020 జనవరిలో 57 శాతం ఓట్లతో మళ్లీ గెలిచారు. 70 శాతం వద్దన్న దేశంలోనే! హాంకాంగ్‌లో జరుగుతున్న గొడవలు చూసి జనం చైనాతో ఎలా ఉండాలన్న ప్రశ్న మీద ఓటేశారు. పెళ్లి చట్టం మీద వాళ్ల అభిప్రాయం మారిందో లేదో గాని, ఓటు వేసే వేళకు అది కిందికి పోయింది.

బ్రిటన్‌లో 2013 ఫిబ్రవరిలో ప్రధాని కామెరాన్ బిల్లు పెడితే ఆయన సొంత పార్టీ ఎంపీలు 127 మంది అనుకూలం, 136 మంది వ్యతిరేకం. పార్టీ చీలిపోతుందన్నారు. రెండేళ్లకు ఆయనకే పూర్తి మెజారిటీ వచ్చింది. జర్మనీలో ప్రభుత్వాధినేత మెర్కెల్ ఇంకా తెలివిగా చేశారు. 2017 సెప్టెంబరు ఎన్నికలకు మూడు నెలల ముందు, ఎంపీలు మనస్సాక్షి ప్రకారం ఓటేయొచ్చన్నారు. జూన్ 30న 393-226తో బిల్లు నెగ్గింది. ఆమె మాత్రం వ్యతిరేకంగా ఓటేశారు. ప్రత్యర్థులకు ప్రచారంలో ఆ అస్త్రమే లేకుండా పోయింది. ముందు నుంచి భయపెట్టినంత శిక్ష ఓటర్లు తర్వాత వేయలేదని చాలా దేశాల అనుభవం. ఎన్నికల మీద ప్రభావం ఎక్కువగా చట్టానికి ముందు ఉంటుంది.

సిడ్నీ_మనవిశాఖ
మాస్టారు చెప్పినదానికి ఒక చిక్కు ఉంది. నేను ఉండేది సిడ్నీ పడమటి వైపు. 2017లో ఇక్కడ పోస్టులో సర్వే పెట్టారు, దాదాపు 80 శాతం మంది పాల్గొన్నారు, 61.6 శాతం అవునన్నారు. 150 నియోజకవర్గాల్లో 133 అవును, 17 కాదు. ఆ 17లో ఎక్కువ మా చుట్టుపక్కలవే. బ్లాక్స్‌లాండ్ అనే చోట దాదాపు 74 శాతం వద్దన్నారు. లెబనాన్, వియత్నాం, చైనా, మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్లు ఉండే ప్రాంతాలు ఇవి. ఎప్పట్నుంచో లేబర్ పార్టీకి ఓటేసే జనం.

లేబర్ పార్టీకి పెద్ద ఇరకాటం. నగరం మధ్యలో ఉండే వాళ్ల ఓటర్లు గట్టిగా అవునంటారు, మా పడమటివాళ్లు కాదంటారు, ఇద్దరూ వాళ్లకే ఓటేస్తారు. పార్లమెంటుకు వచ్చేసరికి దిగువ సభలో నలుగురే వ్యతిరేకంగా చెయ్యెత్తారు, కొందరు ఓటింగుకు దూరంగా ఉన్నారు. 2019లో లేబర్ ఓడినప్పుడు, దైవభక్తి ఉన్న ఓటర్లను పోగొట్టుకున్నామా అని ఆ పార్టీలోనే చర్చ నడిచింది. అంచేత దేశం మొత్తం శాతం చూసి లాభం లేదు. విశాఖలోనైనా ఎంవీపీ కాలనీలో ఒక లెక్క, వన్ టౌన్‌లో ఒక లెక్క, పాడేరు రోడ్డెక్కితే ఇంకో లెక్క ఉంటుంది. పార్టీలు లెక్కేసేది సీటు సీటుకీ.

భీమిలి_అమ్మ
నేను ఎప్పుడూ చదవడమే, రాయను. ఈరోజు రాస్తున్నాను.

మా పెద్దబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. వాడితో పాటు ఇంకో అబ్బాయి ఉంటాడు, ఏళ్లుగా కలిసే ఉన్నారు. నాకు చెప్పిన రోజు వాడి చెయ్యి వణికింది. వాళ్ల నాన్నకు ఒప్పుకోవడానికి టైం పట్టింది, ఇప్పుడు పండక్కి ఇద్దరికీ కలిపే బట్టలు తెస్తారు. బంధువుల్లో ఇంకా ఎవరికీ తెలియదు.

2024లో ప్రచారానికి మా ఇంటికి అన్ని పార్టీలవాళ్లూ వచ్చారు. కరపత్రం చేతిలో పెట్టి, అమ్మా మీ సమస్య ఏమిటి అని ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా అడిగాడు. నా సమస్య నాకు తెలుసు. పక్కన మా ఆడపడుచు కూర్చుని ఉంది. కుళాయి నీళ్లు సన్నగా వస్తున్నాయి బాబూ అన్నాను. రాసుకుని వెళ్లాడు.

మాస్టారూ, దీనికోసమే ఓటు మార్చేవాళ్లు ఎంతమంది అని మీరు అడుగుతున్నారు. ఒక్క అభ్యర్థి, ఏ పార్టీ అయినా సరే, ఆ పిల్లలూ మన పిల్లలే అని మైకులో ఒక్కమాట అంటే నేను కులం, పార్టీ చూడకుండా వేస్తాను. నాలాంటివాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో ఆ రాసుకున్న కుర్రాడికి తెలిసే దారి లేదు. పైకి చెప్పుకోలేనివాళ్లని ఏ సర్వేలో లెక్కేస్తారు?

గాజువాక_కార్మికుడు
అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ పిల్లలిద్దరూ చల్లగా ఉండాలి.

వార్డు_సచివాలయం
నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. పార్టీల సంగతి రాయకూడదు, రాయను. కౌంటర్ దగ్గర కనబడేది రాస్తాను.

మన రాష్ట్రంలో ప్రభుత్వానికి మనిషి కనబడేది కుటుంబంగా. ఇంటింటి కుటుంబ వివరాల నమోదు, అంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఎవరితో ఉన్నావన్నదాన్ని బట్టే బియ్యం కార్డు, పథకాలు. ట్రాన్స్‌జెండర్లకు పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు, వృద్ధులతో సమానంగా. ప్రభుత్వాలు మారినా ఆ పింఛను ఆగలేదు. ఎందుకంటే వాళ్లకంటూ లిస్టులో ఒక కేటగిరీ వచ్చింది. లిస్టులో ఉన్నవాళ్ల దగ్గరికి ఒకటో తారీఖున డబ్బు వెళ్తుంది, డబ్బు వెళ్లినచోటికి నాయకుడు కూడా వెళ్తాడు. కలిసి ఉంటున్న ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు మా దగ్గర ఏ లిస్టులోనూ లేరు. ఇద్దరు స్నేహితులు, లేదా ఒకే చిరునామాలో ఇద్దరు ఒంటరివాళ్లు, అంతే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. 2023 అక్టోబరు 17 తీర్పులో సుప్రీంకోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేదు, ఐదుగురూ అందులో ఏకమే. సివిల్ యూనియన్, అంటే పెళ్లి అనకుండా జంటకు ఇచ్చే చట్టపరమైన గుర్తింపు సంగతిలో 3-2తో కాదన్నారు. అయితే ఇలాంటి జంటల ఇబ్బందులు చూడటానికి కమిటీ వేస్తామన్న కేంద్రం మాటను రికార్డు చేశారు. 2024 ఏప్రిల్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఆ కమిటీ వచ్చింది. ఆ తర్వాత కేంద్ర ఆహార శాఖ, రేషన్ కార్డు కోసం స్వలింగ జంటను ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు రాసింది. 2024 ఆగస్టు 28న ఆర్థిక శాఖ, వాళ్లు బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని చెప్పింది. ఏ ఎన్నికల సభలోనూ ఎవరూ ఈ మాట చెప్పుకోలేదు, ఎవరూ తిట్టలేదు కూడా. మా కౌంటర్‌కు దీనికోసం ఇంతవరకు ఒక్క జంట రాలేదు. వస్తే వీధి మొత్తానికి తెలుస్తుందని భయం.

నర్సీపట్నం_రోడ్డు
భయం ఊరికే లేదు. 2024 డిసెంబరులో మన హైకోర్టుకు వచ్చిన కేసు చూడండి. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి తీసుకొచ్చి నర్సీపట్నంలో ఇంట్లో ఉంచేశాడు. రెండో అమ్మాయి, నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించాలని హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజర్ అయిన అమ్మాయికి తనకు నచ్చిన మనిషితో ఉండే హక్కుందని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని కోర్టు చెప్పింది. మా దగ్గర టీ కొట్లో ఆ రెండ్రోజులూ ఇదే మాట. తిట్టినవాళ్లు ఉన్నారు, పోనీలే బతకనివ్వండి అన్నవాళ్లు నేను అనుకున్నదానికన్నా ఎక్కువ. ఒక్క నాయకుడు నోరెత్తితే ఒట్టు.

మధురవాడ_ఐటీ
కోర్టులు, శాఖల లెటర్లు ముందుకు పోతుంటే పార్టీలు మాత్రం నిశ్శబ్దం. 2024లో కాంగ్రెస్ మేనిఫెస్టోలో, విస్తృతంగా సంప్రదించాక స్వలింగ జంటల సివిల్ యూనియన్‌కు చట్టం తెస్తామని ఉంది. సీపీఎం అంతకుముందు నుంచే ఇలాంటి హామీ ఇస్తోంది. కానీ మన రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఒక్క ఎంపీ సీటు, ఒక్క ఎమ్మెల్యే సీటు రాలేదు. గెలవని పార్టీ కాగితం మీద రాసినదాన్ని మిగతా పార్టీలు పట్టించుకోవు. ఆ కాంగ్రెస్సే రాజస్థాన్‌లో అధికారంలో ఉన్నప్పుడు వద్దని రాసింది. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం.

డాబాగార్డెన్స్_పెద్దాయన
భీమిలి అమ్మగారు రాసింది చదివాక మళ్లీ రాయాలనిపించింది. పెళ్లి విషయంలో నా నమ్మకం అదే, మారలేదు. అయితే ఆ సచివాలయం బాబు చెప్పిన రేషన్ కార్డు, బ్యాంకు నామినీ, ఆస్పత్రిలో సంతకం లాంటివాటికి నాకు అభ్యంతరం లేదు. ఏళ్ల తరబడి సేవ చేసిన మనిషిని ఐసీయూ బయట నిలబెట్టి, నువ్వెవరు అని అడగడం ఏ మతమూ చెప్పదు. సర్వేవాళ్లు పెళ్లి కావాలా వద్దా అని ఒక్కటే అడిగితే నేను వద్దు అనే వరసలో పడతాను. ఇలా విడదీసి అడిగితే నాలాంటివాళ్లు చాలామంది వేరే జవాబు చెబుతారు.

ఏయూ_రాజనీతి
పెద్దాయన గారూ, మీరు చెప్పినదాన్ని పార్టీలు చదివితే బాగుండు. ఐర్లండ్ కూడా ఒక్కసారిగా పెళ్లికి రాలేదు. 1993 దాకా అక్కడ మగవాళ్ల మధ్య స్వలింగ సంబంధమే నేరం, 2010 చట్టంతో సివిల్ పార్ట్‌నర్‌షిప్, 2015 మేలో ప్రజల ఓటుతో పెళ్లి, 62 శాతం. అంత గట్టి క్యాథలిక్ దేశంలో ఒక్క నియోజకవర్గమే కాదంది. రెండేళ్లకు, నేను గేనని చెప్పుకున్న లియో వరాద్కర్ ప్రధాని అయ్యాడు. ఆయన తండ్రి ముంబయి నుంచి వెళ్లిన డాక్టరు.

అయితే వెనక్కి కూడా పోవచ్చు. అమెరికాలో రిపబ్లికన్ ఓటర్లలో సమర్థన 55 శాతం దాకా వెళ్లి, 2025 గాలప్ సర్వేలో 41కి పడిపోయింది. పోలండ్‌లో 2020లో అప్పటి అధ్యక్షుడు డూడా ఎల్జీబీటీ (స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు వగైరా) వాళ్లను దేశానికి ముప్పుగా చూపించి ప్రచారం చేసి 51 శాతంతో గెలిచాడు. జనాభిప్రాయం తనంతట తానే ముందుకు పోతుందని కూర్చుంటే, దాన్ని వెనక్కి లాగే నాయకుడు ముందు వస్తాడు. అందుకే మన దగ్గర ఇంత నిశ్శబ్దం నాకు ఊరటగా అనిపించదు. ఇప్పటికైతే ఎవరూ దీన్ని ఓట్ల కోసం ఎత్తుకోలేదు. ఎత్తుకునేది ఎటువైపువాళ్లో అన్నదే నా దిగులు.

గాజువాక_కార్మికుడు
మాస్టారూ, అసెంబ్లీ ఒక్కటే ఎన్నిక కాదు గదా. మాకు గుర్తింపు సంఘం ఎన్నికలుంటాయి, సీక్రెట్ బ్యాలెట్. అక్కడ ఓట్లడిగేది క్వార్టర్లు, మెడికల్, నామినీల మీదే. పీఎఫ్ నామినేషన్ సంగతి నాకు బాగా తెలుసు. కుటుంబం ఉన్నవాడు కుటుంబంలో మనిషినే పెట్టాలి, కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు. పెళ్లి కాని కుర్రాడికి ముసలి తల్లి ఉంటే, కలిసి ఉన్న మనిషి పేరు రాసినా చెల్లదు. గ్రాట్యుటీ కూడా దాదాపు అంతే. కుటుంబంతో పాటు తనకు నచ్చిన ఇంకొకరి పేరు కూడా రాసుకునే వీలివ్వాలని సంఘం తరఫున అడగొచ్చు. ఎవరి గుట్టూ బయటపడదు. పెళ్లి చేసుకోని ఆడపిల్లలకీ, చెల్లెల్ని చూసుకునే అన్నలకీ అదే పనికొస్తుంది. ప్లాంటే ఉంటుందో లేదో అన్న టైములో ఇదేటని కొందరంటారు, అయినా అడుగుతాను.

భీమిలి_అమ్మ
బాబూ, నీకు దండం. మా విశాఖ నగరపాలక సంస్థ, జీవీఎంసీ ఎన్నికలు వస్తే కార్పొరేటర్ అభ్యర్థులు గుమ్మం దాకా వస్తారు. కార్పొరేటర్ చేతిలో పెళ్లి చట్టం లేదని నాకూ తెలుసు. అయినా అడిగితే ఆ మాట పైకి వెళ్తుందా?

వార్డు_సచివాలయం
వెళ్తుందమ్మా. 98 వార్డుల్లో ప్రతి పార్టీవాళ్లూ ఏ ఇంట్లో ఏమన్నారో రాసుకుని సాయంత్రానికి ఎమ్మెల్యే ఆఫీసుకు పంపుతారు. నీళ్లు, డ్రైనేజీ ఎలా రాస్తారో ఇదీ అలాగే రాస్తారు. ఒక ఇంట్లో అడిగితే వింతగా చూస్తారు, నాలుగైదు వీధుల్లో అడిగితే ఏం జవాబు చెప్పాలని పైవాళ్లను అడుగుతారు. పెళ్లి అని మొదలుపెట్టకండి. కేంద్రం రేషన్ కార్డు గురించి రాసిన లెటర్ మన రాష్ట్రంలో ఎలా అమలు చేస్తున్నారు అని అడగండి. అది ఇప్పటికే ఉన్న ఆదేశం కాబట్టి ఏ పార్టీవాడూ మా విధానం కాదు అనలేడు.

భీమిలి_అమ్మ
అలాగే అడుగుతాను. ఆ లెటర్ తెలుగులో రెండు ముక్కలుగా ఎవరైనా రాసి పెడితే ప్రింటు తీసి ఇంట్లో ఉంచుకుంటాను.

మధురవాడ_ఐటీ
రేపు సాయంత్రానికి రాసి ఇక్కడే పెడతాను ఆంటీ. గాజువాక అన్నా, మీ సంఘం డిమాండు కూడా పంపండి, రెండూ ఒకే పేజీలో వేద్దాం.